బొద్దు తమ్ముడు

బోల్డ్ అక్షరాలకి తెలుగులో "బొద్దు" అని పేరు పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళకో దండం. తెలుగు వికీపీడియాలోనో, తెలుగులోకి మార్చిన సాఫ్ట్‌వేర్ మెనూల్లోనో ఈ మాట చూసే ఉంటారు. "లావు" అంటే తిట్టినట్టుంటుంది, "మందం" అంటే ప్లైవుడ్డు షాపులో బేరమాడినట్టుంటుంది. బొద్దు అనగానే చంటిపిల్లల బుగ్గలు గుర్తొస్తాయి. ఇవాళ నేను చెప్పబోయే ఖతి (అదేనండీ, ఫాంటు) అచ్చంగా బొద్దుది. దాని పేరు బాలూ తమ్ముడు.

బాలూ అంటే మనకి ముందు ఎస్పీ బాలు గుర్తొస్తారు. ఆయనకీ దీనికీ సంబంధం లేదు. హిందీలో భాలూ అంటే ఎలుగుబంటి, జంగిల్ బుక్‌లో మోగ్లీకి పాఠాలు చెప్పే ఎలుగుబంటి పేరు కూడా అదే. ముంబైలో ఏక్ టైప్ అని అక్షరాలు గీసేవాళ్ళ బృందం ఒకటుంది. వాళ్ళు ఈ పేరుతో మన దేశపు ముఖ్యమైన లిపులకి కలిపి ఒక కుటుంబాన్ని తయారుచేశారు, 2016లో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా పెట్టారు. దేవనాగరి, ఇంగ్లీషు అక్షరాలు సారంగ్ కులకర్ణి గీశారు. మన తెలుగు అక్షరాలు గీసింది మైథిలీ శింగ్రే, ఓంకార్ శెండే.

పేర్లు భలే పెట్టారు. పంజాబీది బాలూ పాజీ, బెంగాలీది బాలూ దా, గుజరాతీది బాలూ భాయ్, ఒడియాది బాలూ భాయినా, మలయాళానిది బాలూ చేట్టన్, ఉర్దూది బాలూ భాయిజాన్. తమిళం దగ్గరకి వచ్చేసరికి తంబి, కన్నడలో తమ్మ, తెలుగులో తమ్ముడు. అంటే పంజాబీవాళ్ళకీ బెంగాలీవాళ్ళకీ అన్నని ఇచ్చి, మన మూడు భాషలకీ తమ్ముణ్ణి ఇచ్చారన్నమాట. దీనికి బాధపడాల్సిన పనేం లేదు. మా మన్సూరాబాద్‌లో ముక్కూమొహం తెలియని ఆటో ఆయన కూడా "తమ్మీ, జర జరుగు" అంటాడు. అందులో చిన్నచూపేం ఉండదు, చనువే. ఈ అక్షరాల మొహం చూస్తే అదే చనువు కనిపిస్తుంది.

సరే, అసలు విషయానికొస్తాను. ఈ బొద్దుగా, గుండ్రంగా ఉండే అక్షరాన్ని చాలామంది "కొత్త స్టైలు", "కార్టూన్ స్టైలు" అంటుంటారు. నా వాదన ఏంటంటే ఇది కొత్తదీ కాదు, బయటిదీ కాదు. మన వీధుల్లో ఉన్న అక్షరమే. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో మధ్యలో తప్పిపోయి, చాలా ఏళ్ళు చుట్టూ తిరిగి, ముంబై మీదుగా ఇంటికొచ్చింది.

ఇంగ్లీషు అక్షరాలకి సెరిఫ్ అనీ సాన్స్ సెరిఫ్ అనీ రెండు కులాలున్నాయి. రోమన్లు రాళ్ళ మీద రాసినప్పుడు గీత చివర వచ్చిన చిన్న పాదాలు సెరిఫ్‌లు. అవి లేనివి సాన్స్ సెరిఫ్. సాన్స్‌లో మూలల్ని అరగదీస్తే రౌండెడ్ వస్తుంది. హెల్వెటికాకి 1978లో ఇలాగే ఒక రౌండెడ్ చెల్లెలు పుట్టింది. ఆ మరుసటి సంవత్సరం ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ కోసం సెడ్లీ ప్లేస్ అనే డిజైన్ సంస్థ వీఏజీ రౌండెడ్ అనే ఖతి చేసింది. పేరు విన్నట్టు లేకపోయినా మీరు దాన్ని చూసే ఉంటారు, కాదు, వేళ్ళతో కొట్టే ఉంటారు. పాత మ్యాక్‌బుక్ కీబోర్డు మీద అక్షరాలు అవే. 2015లో ఆపిల్ వాళ్ళు తమ సొంత ఖతికి మారడం మొదలుపెట్టేదాకా కొన్నేళ్ళపాటు అవే ఉన్నాయి. జపాన్‌లో అయితే 1960 నుంచి రైల్వే స్టేషన్ల బోర్డులకి గుండ్రటి మూలల అక్షరాన్ని ఒక పద్ధతిగా వాడారు.

ఇవన్నీ మూలలున్న అక్షరాలకి మూలలు తీసేసిన కథలు. తెలుగుకి తియ్యడానికి మూలలెక్కడున్నాయి?

తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు ఈనె వెంబడి చీలిపోతుంది, అందుకే మన అక్షరాలు గుండ్రంగా అయ్యాయి అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నాకు దీని మీద సగం నమ్మకమే. అదే తాటాకు మీద తమిళులు కూడా రాశారు, వాళ్ళ అక్షరాల్లో లంబకోణాలు బోలెడు. కాబట్టి ఆకు ఒక్కటే కారణం అనుకోను. కానీ గంటం గురించి మాత్రం ఎవరూ కాదనలేరు. గంటం మొన ఎటు తిరిగినా గీత ఒకే మందంలో పడుతుంది. కలం పాళీలాగా ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా రాదు. తర్వాత ఆకు మీద మసి పులిమితే ఆ గీతలోకి దిగి అక్షరం నల్లగా తేలుతుంది. ఒకే మందం, పాదాల్లేని చివరలు, అంతా వంపు. పుట్టుకతోనే మనది "రౌండెడ్ సాన్స్" అన్నమాట. అయితే బొద్దుది కాదు, పీలది.

అచ్చు వచ్చాక కథ మారింది. తెలుగు అచ్చు పుస్తకాలు మొదట వచ్చింది మన దగ్గర కాదు, జర్మనీలోని హాలే పట్టణంలో, 1746-47 ప్రాంతంలో, బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ వేయించినవి. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం మద్రాసులో అచ్చయ్యింది. సీసం అచ్చక్షరం ఒక దీర్ఘచతురస్రపు దిమ్మ. మన వత్తేమో దిమ్మ కిందకి దిగి కూర్చుంటానంటుంది. వత్తులు సరిగ్గా కూర్చోబెట్టడమే గండం అయినచోట, ప్రతి అక్షరానికీ రెండో సెట్టు బొద్దుగా పోతపోయడం అంటే మాటలా? శీర్షిక గట్టిగా కనబడాలంటే అదే అక్షరాన్ని పెద్ద సైజులో వెయ్యడం సులువైన దారి.

కాబట్టి బొద్దు అక్షరం బాగా పెరిగింది ప్రెస్సులో కాదు, బయట ఎండలో. గోడల మీద, రేకుల మీద, సినిమా పోస్టర్ల మీద. పోస్టర్ల సంగతి మనకి కొంచెం తెలుసు, ఎందుకంటే అక్కడ సంతకాలున్నాయి. బాపు అక్షరం చూడగానే పట్టేస్తాం. 1967లో బాపు మొదటి సినిమా సాక్షితోనే పోస్టర్లు మొదలుపెట్టిన ఈశ్వర్, ఆ వృత్తి గురించి సినిమా పోస్టర్ అని పెద్ద పుస్తకమే రాశారు, ఆయన 2021లో పోయారు. కిరాణా కొట్టు బోర్డు రాసినవాడికి ఆ అదృష్టం లేదు. బోర్డు మూలన ఫలానా ఆర్ట్స్ అని చిన్న అక్షరాలు, ఆ కొట్టు చేతులు మారగానే ఆ రేకూ పోయేది.

మా వైపు నా చిన్నప్పుడు అలాంటి పెయింటర్లు ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. అప్పటికి ఎల్బీనగర్ చౌరస్తాకి ఫ్లైఓవర్లూ లేవు, మెట్రో లేదు. ఒకాయన రేకుకి తెల్ల ఎనామిల్ పూసి, ఆరాక సుద్ద రాసిన దారం లాగి కొట్టి గీతలు వేసుకునేవాడు. తర్వాత సుద్దముక్కతో అక్షరం ఎముకలు గీసి, బ్రష్షుతో కండ పట్టించేవాడు. బడి నుంచి వస్తూ నిలబడి చూసేవాణ్ణి. ఒకసారి నేనడిగినదానికి, "గీత లావు చేసుడు ఎవ్వనికైనా వస్తది తమ్మీ, లోపల గాలాడాలె" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు గానీ తెలుగు ఫాంట్ల గురించి ఇంతకంటే మంచి ముక్క నేను ఇంకెక్కడా చదవలేదు.

గాలి ఆడడం అంటే ఏంటో చూద్దాం. ర కడుపులో చుక్క పెడితే ఠ. ద కింద నిలువు గీత పెడితే ధ, దానికి కడుపులో చుక్క కూడా పెడితే థ. అక్షరాన్ని చుట్టూ లావు చేసుకుంటూ పోతే ముందు చచ్చిపోయేది ఆ కడుపులో ఖాళీ. చుక్క అంచుకి అంటుకుంటుంది, ఠ కాస్తా నల్లటి ఉండ అవుతుంది. థ, ధ తేడా పోతుంది. (మనలో సగంమంది కథని "కధ" అనే రాస్తారు కాబట్టి ఎవరూ గొడవ చెయ్యరనుకోండి. అది వేరే విషయం.) ధ కింద గీత పొట్టలో కలిసిపోతే ధనలక్ష్మి కాస్తా దనలక్ష్మి అవుతుంది. లక్ష్మి అంటే గుర్తొచ్చింది, ఊళ్ళో ప్రతి పదో కొట్టుకీ ఆవిడ పేరే. క మీద గుడి, క కింద ష వత్తు, దానికి తోడు మ వత్తు. మూడంతస్తుల మేడ. బోర్డు ఎత్తు రెండడుగులే అనుకోండి, ఆ మేడనీ పక్కన ఒంటి అంతస్తు ల-నీ ఒకే వరసలో ఎలా పేరుస్తారు?

పెయింటర్ ఏం చేసేవాడంటే, అక్కడికక్కడ చూసుకుని సర్దేవాడు. ఆ ఒక్క క్ష్మి-లో ఒంటిని కాస్త కుదించి, వత్తుని పక్క అక్షరం కిందకి తోసి, వంపు లోపలివైపు గీతని సన్నం చేసి, బయటివైపు లావు ఉంచేవాడు. దూరంనుంచి చూస్తే మందం అంతా ఒకటే అనిపిస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఎక్కడా ఒకటి కాదు. మన భాషలో చెప్పాలంటే పెయింటర్ది రన్‌టైమ్. ఫాంటు చేసేవాడిది కంపైల్ టైమ్. రేపు ఎవడు ఏ పదం టైపు చేస్తాడో తెలియదు కాబట్టి, ప్రతి హల్లుకీ ప్రతి గుణింతానికీ ప్రతి వత్తుకీ ఏది ఎంత జరగాలో ముందే రాసిపెట్టుకోవాలి. అందుకే తెలుగు ఖతిలో బొమ్మలు వందల్లో ఉంటాయి. అందుకే బోల్డ్ అనేది ఇంగ్లీషులో ఒక బటన్, తెలుగులో మళ్ళీ మొదటినుంచీ ఒక ప్రాజెక్టు.

డీటీపీ రోజులొచ్చాయి. అను స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి లాంటివి వచ్చాయి, పేజ్‌మేకర్ వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే వాటిలో బొద్దు అక్షరాలకి కొదవ లేదు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు అన్నీ వాటి పుణ్యమే. తంటా ఎక్కడంటే అందులో ఉన్నది తెలుగు కాదు. కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లీషు సంకేతాలు, వాటికి తెలుగు ముక్కల బొమ్మలు తొడిగారు. ఆ ఫాంటు లేని మిషన్లో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. వెతకలేం, వేరే చోట అతికించలేం. ఆ కాలంలో టైపు చేసిన పుస్తకాలు ఎన్నో ఇప్పటికీ అలాంటి ఫైళ్ళలో బందీలుగా పడున్నాయి.

ఇంకోవైపు యూనికోడ్ దారి. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఖతులు వచ్చాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. ఇక్కడ ఉన్నది నిజమైన తెలుగు, వెతికితే దొరికే తెలుగు. కానీ బొద్దు లేదు! గౌతమికి బోల్డ్ 2009లో విండోస్ 7తో గానీ రాలేదు. అప్పటిదాకా బోల్డ్ బటన్ నొక్కితే విండోస్ ఏం చేసేదంటే, అదే అక్షరాన్ని ఒక పిసరు పక్కకి జరిపి మళ్ళీ గీసేది. చెయ్యి వణికితే వచ్చే లావు లాంటిది. ఠ గతి ఏమై ఉంటుందో చెప్పక్కర్లేదు.

అంటే చూడండి, డీటీపీవాళ్ళ దగ్గర బొద్దు అక్షరం ఉంది, తెలుగు లేదు. మన యూనికోడ్‌వాళ్ళ దగ్గర తెలుగు ఉంది, బొద్దు అక్షరం లేదు. చాలా ఏళ్ళు ఇలాగే నడిచింది.

ఈ రెండిటినీ కలిపింది సిలికానాంధ్ర. గుత్తుల పురుషోత్తం కుమార్ గారు కష్టపడి చేసిన యూనికోడ్ ఖతులని వాళ్ళు స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేశారు, 2014 చివర అవి గూగుల్ ఫాంట్స్‌లోకి చేరాయి. వాటిలో మన విషయానికి ముఖ్యమైనది రామభద్ర. శీర్షికల కోసం, పోస్టర్ల కోసం చేసిన బొద్దు ఖతి. పేరు అష్టదిగ్గజాల్లో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడిది. డబ్బులు పెట్టి కొనక్కర్లేదు, దొంగ కాపీ వెతుక్కోనక్కర్లేదు, టైపు చేసింది గూగుల్‌లో దొరుకుతుంది. ఇవాళ ఇదంతా మామూలే అనిపిస్తుంది గానీ, అప్పటిదాకా తెలుగు వెబ్‌సైట్లో గట్టి శీర్షిక కావాలంటే బొమ్మగా చేసి పెట్టడమే గతి.

ఆ తర్వాత రెండేళ్ళకి తమ్ముడు వచ్చాడు. రామభద్రకీ బాలూ తమ్ముడికీ నాకు కనబడే తేడా ఏంటంటే, రామభద్ర గంభీరంగా నిలబడుతుంది, సభలో మైకు పట్టుకున్న పెద్దమనిషిలా. తమ్ముడు అరుగు మీద కూర్చుని కాళ్ళూపుతుంటాడు. గీత చివరలు మొద్దుగా, మెత్తగా ఉంటాయి. కానీ జాగ్రత్తగా చూస్తే మందం ఒకటే కాదు. వంపు తిరిగేచోట, రెండు గీతలు కలిసేచోట సన్నబడుతుంది. బ్రష్షు చెయ్యి జాడ కొంచెం ఉంచారు. అంటే లోపల గాలి ఆడనిచ్చారు. మా పెయింటర్ చూస్తే ఒప్పుకునేవాడనే అనుకుంటున్నాను, తలకట్టు దగ్గర ఏదో ఒక వంక పెట్టినా సరే. మొదట ఒకే ఒక్క బరువు ఉండేది, బాగా బొద్దుది. తర్వాత 2019-20 ప్రాంతంలో బాలూ 2 అని మళ్ళీ చేసి, మామూలు నుంచి అతి బొద్దు దాకా ఐదు బరువులు ఇచ్చారు.

ఇక వాడకం. యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళకి, పిల్లల పుస్తకాలకి, చిప్స్ ప్యాకెట్ లాంటి వాటికి దీనికి మించింది లేదు. ఫోన్లో బొటనవేలంత బొమ్మ మీద కూడా చదవొస్తుంది. పేరాలకి పేరాలు మాత్రం వెయ్యకండి, పది లైన్లు దాటితే కళ్ళు బరువెక్కుతాయి. అన్నిటికంటే నాకు నచ్చనిది తగని చోట వాడడం. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద ఇలాంటి గంతులేసే అక్షరాలు చూశాను. పోయినాయన ఫోటో చుట్టూ దండ, కింద ఆయన పేరు బిస్కెట్ ప్యాకెట్ మీదలాగా. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ప్రమాదం అని రాయడానికి కూడా ఇది పనికిరాదు, "రా, ముట్టుకో" అన్నట్టుంటుంది :)

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వస్తుంటే (2018 సెప్టెంబర్ 24న ఈ ముక్క మొదలైంది) రెండో అంతస్తు బోర్డులన్నీ కళ్ళ ఎత్తులో కనిపిస్తాయి. చైతన్యపురి దగ్గర కోచింగ్ సెంటర్లవి ఎక్కువ ఇంగ్లీషే. తెలుగు ఉన్నచోట చాలావరకు పాత డీటీపీ అక్షరాలే, ఇంగ్లీషుకి పొడుగ్గా సాగదీసినట్టు తెలుగుని కూడా సాగదీసినవి. అడ్డంగా సాగదీస్తే నిలువు గీతలు లావెక్కి అడ్డగీతలు పీలగా ఉండిపోతాయి. పదేళ్ళుగా ఉచితంగా బొద్దు ఖతులు దొరుకుతున్నా ఫ్లెక్సీ షాపుల్లోకి పెద్దగా రాకపోవడానికి కారణం బద్ధకం కాదు. మా గల్లీ చివర షాపు కుర్రాడికి ఒక కీబోర్డు లేఔటు చేతికి అలవాటైపోయింది. పాత ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. కస్టమర్ పక్కన నిలబడి "ఐదు నిమిషాల్ల కావాలె అన్నా" అంటుంటే కొత్త కీబోర్డు నేర్చుకోమని చెప్పడానికి నేనెవర్ని? పాత ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు టైపు చేస్తే వత్తులు విడివిడిగా పడటం కూడా వాళ్ళు చూసి ఉన్నారు. ఒకసారి చేతులు కాల్చుకున్నవాడు మళ్ళీ త్వరగా రాడు.

ఇంకో ముచ్చట చెప్పి ఆపేస్తాను. ఢిల్లీలో హనీఫ్ కురేషీ అనే కళాకారుడు (2024లో పోయారు) హ్యాండ్‌పెయింటెడ్ టైప్ అని ఒక పని మొదలుపెట్టారు. వీధి పెయింటర్ల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ చేత అక్షరమాల రాయించి, దాన్ని ఫాంటుగా మార్చి, దానికి ఆ పెయింటర్ పేరే పెట్టడం. పెయింటర్ కఫీల్, పెయింటర్ ఉమేష్, ఇలా. మన తెలుగు ఖతుల పేర్లు చూడండి: రామభద్ర, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గిడుగు, గురజాడ, సురవరం, ఎన్టీఆర్, పొన్నాల. కవులున్నారు, రాజుగారున్నారు, పండితులున్నారు, మంత్రులూ ముఖ్యమంత్రులూ ఉన్నారు. బొద్దు అక్షరంలో గాలి ఎలా ఆడాలో ఎండలో నిచ్చెన మీద నిలబడి కనిపెట్టినవాళ్ళ పేరు ఒక్కటి లేదు. ఆ పెయింటర్లలో యాభై, అరవై దాటినవాళ్ళు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. కొందరు గేట్లకి రంగులేస్తున్నారు, కొందరు బండి నంబర్లు రాస్తున్నారు. ఒక పెద్ద చార్టు, నల్ల రంగు, ఒక పూట కూలీ ఇస్తే అ నుంచి ఱ దాకా రాసిస్తారు. స్కాన్ చెయ్యడం, ఫాంట్‌ఫోర్జ్‌లో గీతలు తియ్యడం మనలాంటివాళ్ళు శని ఆదివారాల్లో చెయ్యగలిగిన పనే. మీ వైపు అలాంటివారెవరైనా ఉంటే ఠ, థ, ఝ, క్ష్మి మాత్రం తప్పకుండా రాయించండి. మొదట అవే అడగండి.